అంచు చూశారా? – స్పానిష్ వెండి డాలర్ల గురించి పాఠకుల ప్రశ్నలు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఆర్కాటు రూపాయల గురించి రాస్తూ, వాటికి కావలసిన వెండి స్పెయిన్ రాజు బొమ్మ ఉన్న డాలర్ల రూపంలో కూడా మద్రాసుకు వచ్చేదని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికి రాలేదు. అందుకని ఈసారి శీర్షికంతా డాలర్లకే. కొత్త పాఠకుల కోసం నా సంగతి రెండు ముక్కలు: షావుకారుపేటలో మూడు తరాలు వెండి పని చేసిన ఇల్లు మాది. నేను బ్యాంకులో తాకట్టు నగల వన్నె చూసే ఉద్యోగం చేసి, రిటైరై, కొండితోపులో ఉంటున్నాను. చరిత్ర పండితుణ్ని కాను. నాణెం చేతికిస్తే తూచి, గీసి, అంచు చూసి మాట్లాడేవాణ్ని.

మా అత్తగారి ఇనప్పెట్టెలో రూపాయి బిళ్లకంటే చాలా పెద్ద వెండి నాణెం దొరికింది. నల్లగా ఉంది. ఒకవైపు తలకు ఆకుల దండ కట్టుకున్న పెద్దమనిషి బొమ్మ, కింద 1796. రెండోవైపు కిరీటం, రెండు స్తంభాలు. ముఖం మీద నాలుగైదు గాట్లు ఉన్నాయి. చింతపండు, విభూతి పెట్టి తోమితే తళతళలాడుతుందని మా ఆడపడుచు అంటోంది. తోమవచ్చా? – ఒక పాఠకురాలు, పెరంబూరు

వద్దమ్మా. ఈ జవాబులో ఇంకేమీ చదవకపోయినా ఆ ఒక్క మాట వినండి. నా పంతొమ్మిదో ఏట మొదటి డాలరు చేతికొచ్చినప్పుడు నేను సరిగ్గా ఆ చింతపండుతోనే, ఆ విభూతితోనే అరగంట తోమాను. కొత్త స్టీలు గిన్నెలా మెరిసింది. మా నాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా బల్లమీద పెట్టేసి భోజనానికి లేచారు. తిట్టినా బాగుండేది. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కొనేవాళ్లు లేక.

గాలిలోని గంధకం తగిలి వెండి పైపొర నల్లబడుతుంది. తోమినప్పుడు పోయేది మురికి కాదు, వెండే. దాంతోపాటు రాజుగారి కనుబొమ్మ, జుట్టు పాయలు, అక్షరాల పదును కూడా పోతాయి. మట్టి అంటుకుని ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టండి. రుద్దవద్దు.

ఇక మీ నాణెం సంగతి. బొమ్మ చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు ‘కరోలుస్’ అని మొదలై, ఆ వెంటనే నాలుగు నిలువు గీతలు ఉంటాయి, చూడండి. రోమన్ పద్ధతిలో నాలుగు అంకెను మనం బడిలో నేర్చుకున్నట్టు కాకుండా ఇలా నాలుగు గీతలుగా చెక్కారు. అంటే నాలుగో కార్లోస్. తర్వాత వచ్చేది ‘దేవుని దయవల్ల’ అనే మాట. అది వెనకవైపు ‘స్పెయిన్‌కు, ఇండీసులకు రాజు’ అని పూర్తవుతుంది. ఆ ‘ఇండ్’ అన్న అక్షరాలు చూసి ఇది మన దేశం కోసం కొట్టిన నాణెమని నాకు రాసినవాళ్లు ఇప్పటికి ముగ్గురు. కాదు, అది కొలంబస్‌గారి పొరపాటు. ఆయన అమెరికాను మన దేశమనుకున్నందుకు మిగిలిన గుర్తు.

వెనకవైపు అక్షరాల చివర ఎం, దాని నెత్తిన చిన్న సున్న ఉంటే అది మెక్సికో టంకశాల ముద్ర. అప్పట్లో మెక్సికో స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. పక్కన 8, ఆర్ అంటే ఎనిమిది రియాల్‌లు. రియాల్ స్పెయిన్ నాణెం, ఎనిమిదైతే ఒక డాలరు. దాని తర్వాతి రెండు అక్షరాలు నాకు అన్నిటికంటే ఇష్టమైనవి. 1796 మెక్సికో నాణెం మీద ఎఫ్, ఎం అని ఉండాలి. అవి వన్నె చూసిన అధికారుల పేర్లలోని మొదటి అక్షరాలు. వెండిలో తేడా వస్తే నిలదీయడానికి పేరు అక్కడే ఉంటుంది. మా బ్యాంకులో నేను ప్రతి తాకట్టు చీటీ మీద పెట్టిన పొట్టి సంతకం లాంటిదే.

గాట్ల గురించి బాధపడకండి. భూతద్దంతో చూడండి. అందులో చైనా అక్షరం లాంటి ఆకారం కనిపిస్తే మీ నాణెం చైనా వర్తకుల చేతుల్లో తిరిగి వచ్చింది. అక్కడి సరాఫులు వెండి మంచిదని తేలాక తమ ముద్ర కొట్టి వదిలేవారు. ఆకారం లేని వట్టి గాటైతే ఎవరో లోపల రాగి ఉందేమోనని పొడిచి చూశారు. ఒకప్పుడు గాటు పడితే తక్కువగా చూసేవారు, ఇప్పుడు ఆ ముద్రల కోసమే వెతికి సేకరించేవాళ్లున్నారు.

మెక్సికోలో కొట్టిన నాణెం మద్రాసు ఇంటి పెట్టెలోకి ఎలా వచ్చింది? – ఒక ఉపాధ్యాయుడు, నెల్లూరు

రెండు దారుల్లో, మాస్టారూ. మొదటిది ఐరోపా మీదుగా. మన తీరంలో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో 1611లో అడుగుపెట్టింది. ఇక్కడి నేతబట్ట వాళ్లకు కావాలి, వాళ్ల ఉన్ని బట్ట ఈ ఎండల్లో మనకెందుకు? కాబట్టి వెండి పెట్టెలు మోసుకురాక తప్పలేదు. ఆ వెండిలో ఎక్కువ స్పెయిన్ డాలర్లే.

రెండో దారి తూర్పు నుంచి. మెక్సికోలోని అకపుల్కో నుంచి స్పెయిన్ చేతిలోనే ఉన్న ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు 1565 మొదలు 1815 వరకు స్పెయిన్ ఓడలు నడిచాయి. వెళ్లేటప్పుడు వెండి, వచ్చేటప్పుడు పట్టు, పింగాణీ, మన కోరమండల్ బట్ట. మనీలాలో ఇంగ్లీషువాళ్లకు నేరుగా వర్తకం చేసే వీలు లేదు. అందుకని మద్రాసు ఇంగ్లీషువాళ్లు ఆర్మీనియన్ల పేరు మీద సరుకు పంపేవారు. జార్జిటౌన్‌లో ఆర్మీనియన్ వీధి ఊరికే పుట్టలేదు. మనీలా వర్తకంలో గడించిన ఆర్మీనియన్ పెట్రుస్ ఉస్కాన్ 1726లో సొంత డబ్బుతో అడయారు నది మీద సైదాపేట దగ్గర వంతెన కట్టించాడు. పరంగిమలకు మెట్లూ ఆయన వేయించినవే. ఆ మెట్లెక్కి ఆయాసపడినప్పుడల్లా నాకు మెక్సికో గనులు గుర్తొస్తాయి. మా ఇంట్లోవాళ్లకు మోకాళ్లు గుర్తొస్తాయి.

ఇంకో సంగతి పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. 1762లో ఇంగ్లీషువాళ్లు మనీలాను పట్టుకున్నారు కదా, ఆ దండు బయలుదేరింది మన మద్రాసు నుంచే. అందులో ఇక్కడి సిపాయిలూ ఉన్నారు. 1764లో ఊరు తిరిగి స్పెయిన్‌కు అప్పగించారు.

మద్రాసుకు చేరిన డాలరు బతికేది కొద్దిరోజులే. టంకశాలకు వెళ్లి, కరిగి, రూపాయలయ్యేది. ఒక్కో డాలరుకు రెండు రూపాయల పైచిలుకు వెండి. మేము పుట్టి పెరిగిన ‘తంగసాలై’ పేరులో ఉన్నది బంగారం కాదు, టంకశాలే. కరగకుండా తప్పించుకున్న కొద్దిపాటి డాలర్లే ఇప్పుడు మనలాంటివాళ్ల ఇనప్పెట్టెల్లో బయటపడుతున్నాయి.

నాణెం నెత్తిన చిన్న వెండి కొక్కెం అతికించి ఉంది. తీయించి అమ్మవచ్చా? – ఒక పాఠకురాలు, తిరుత్తణి

తీయించకండి. తీసినా అతుకు మచ్చ పోదు, పైగా ఆ చోట వేడికి రంగు మారుతుంది. కొక్కెం ఉన్న నాణేనికి సేకర్తలు తక్కువే ఇస్తారు, నిజమే. కానీ ఎవరి మెడలో వేలాడిందో ఆలోచించండి. మనం గొలుసుకు వేసుకునే బిళ్లను ‘డాలరు’ అంటాం కదా. ఆ మాట ఇలాంటి నాణేల నుంచే వచ్చిందని నా ఊహ. ఊహే, పందెం కాయమంటే కాయను.

సెంట్రల్ స్టేషన్ పక్క పాత సామాన్ల దగ్గర ఒకాయన 1781 నాటి స్పానిష్ డాలరు రెండు వేలకు ఇస్తానన్నాడు. అయస్కాంతానికి అంటుకోలేదు. అసలుదేనా? – ఒక పాఠకుడు, వేళచ్చేరి

మీరు పంపిన ఫొటోలో కరోలుస్ పక్కన గీతలెన్నో లెక్కపెట్టారా? నేను లెక్కపెట్టాను. నాలుగు. 1781లో స్పెయిన్‌ను ఏలుతున్నది మూడో కార్లోస్. ఆయన పోయింది 1788 డిసెంబరులో. తండ్రి సింహాసనం మీద ఉండగానే కొడుకు పేరుతో నాణెం ఎవడు కొడతాడు?

మిమ్మల్ని ఎగతాళి చేయడం లేదు. నేనూ 1983లో, పాత మూర్ మార్కెట్ తగలబడక ముందు, ఇలాంటిదే కొన్నాను. మూడు వందలు. అప్పట్లో అది నాకు సగం నెల జీతం. ఇంటికి తెచ్చి గర్వంగా చూపిస్తే మా నాన్నగారు అద్దాలు కూడా పెట్టుకోకుండా, ‘నాలుగు గీతలు లెక్కపెట్టడం రానివాడివి, వన్నె ఏం చూస్తావురా’ అన్నారు. ఆ మాట నా ఉద్యోగమంతా చెవిలో మోగింది.

అయస్కాంతం ఇనుమును పట్టిస్తుంది, అంతే. రాగినీ, ఇత్తడినీ, నకిలీలకు ఎక్కువగా వాడే మిశ్రమ లోహాల్నీ అది ఏమీ చేయలేదు. ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష చెబుతాను. నగల దుకాణాల్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి చాలు. ముందు నాణేన్ని మామూలుగా తూచండి. 1772 తర్వాతి ఎనిమిది రియాల్‌ల నాణెం కొత్తలో 27 గ్రాములు, అరిగినది 26.8 ఉందనుకుందాం. ఇప్పుడు కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా 2.6 దగ్గర ఆగాలి. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే 10.3 వస్తుంది, అది నూటికి తొంభై పాళ్ల వెండి లెక్క. కాటా 3 గ్రాములు చూపిస్తే అక్కడితో కథ ముగిసింది. దారానికి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, రెండుసార్లు చూడండి. మా మనవరాలు ఈ పరీక్ష చూసి ‘తాతా, నాణేనికి స్నానమా’ అంది.

అయితే మంచి వెండితోనే నకిలీ చేసే ఘనులున్నారు. వాళ్ల దగ్గర ఈ స్నానమూ పనిచేయదు. అప్పుడే అంచు చూడాలి. నేను కొత్తవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే, ముఖం అందరూ చూస్తారు, నకిలీ చేసేవాడూ కష్టమంతా ముఖం మీదే పెడతాడు. రాజు బొమ్మ డాలరు అంచు చుట్టూ ఒక వలయం, ఒక దీర్ఘచతురస్రం, మళ్లీ ఒక వలయం, ఇలా వరసగా ఉంటుంది. బిళ్లను రెండు ఇనుప పట్టీల మధ్య దొర్లించి ఆ నమూనా అద్దేవారు. ఒక్కో పట్టీ సగం చుట్టుకు. కాబట్టి పట్టీలు కలిసేచోట, ఎదురెదురుగా రెండు తావుల్లో, నమూనా కాస్త ఒకదాని మీద ఒకటి ఎక్కి చిందరవందరగా కనిపిస్తుంది. ఆ చిందరవందరే మనకు చుట్టం. పోతపోసిన నకిలీకి అంచు నడుమ సన్నటి అతుకు గీత గానీ, దాన్ని అరగదీసిన ఆకురాయి గీతలు గానీ ఉంటాయి. నాణేన్ని రెండు వేళ్ల మధ్య నిలబెట్టి, కిటికీ వెలుతురులో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. దుకాణదారుడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పెట్టుబడిగా అరుదైన స్పానిష్ డాలర్లు పది కొందామనుకుంటున్నాను. ఏవి కొనాలి? – ఒక పాఠకుడు, షోళింగనల్లూరు

పెట్టుబడికైతే వేరే శీర్షిక చదవండి బాబూ. సరదాకైతే పది కాదు, ఒక్కటి కొనండి. అది చేతిలో అరిగేదాకా చూసి అప్పుడు రెండోది.

పాతది కాబట్టి అరుదైనదనుకోవద్దు. నాలుగో కార్లోస్ కాలంలో మెక్సికో టంకశాల ఏడాదికి రెండు కోట్ల పెసోల పైన కొట్టిన రోజులున్నాయి. ఒక పెసో అంటే మన డాలరే. పెరంబూరు అమ్మ దగ్గరున్నది ఆ రాశిలోదే. మీకు నచ్చవలసింది దానికి ముందుతరం, 1732లో మెక్సికోలో మొదలైన స్తంభాల డాలరు. ఇందులో రాజు ముఖమే ఉండదు. రెండు కిరీట స్తంభాల నడుమ, సముద్రపు అలల మీద, రెండు భూగోళాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ‘రెండూ ఒక్కటే’ అని లాటిన్‌లో రాసి ఉంటుంది. పాత ప్రపంచం, కొత్త ప్రపంచం రెండూ మావేనని. అహంకారమే, కానీ అంత అందమైన అహంకారాన్ని వెండి మీద నేను ఇంకెక్కడా చూడలేదు. మొదటి సంవత్సరం 1732వి చాలా అరుదు. మెక్సికో, లిమా, పొటోసీ (ఇప్పటి బొలీవియాలోని వెండి గనుల ఊరు) టంకశాలలను వదిలి శాంటియాగో, బొగొటా టంకశాలల వైపు వెళ్లినకొద్దీ వెతుకులాట కష్టమవుతుంది.

స్తంభాలు పోయి రాజు ముఖం వచ్చిన 1772లోనే ఇంకో పని జరిగింది. నూటికి 91.7 పాళ్లున్న వెండిని గుట్టుచప్పుడు కాకుండా 90.3కు దించారు, 1786లో మళ్లీ 89.6కు. బరువు అదే, కిరీటం అదే. వన్నె చూసేవాడిగా నాకు దొంగ నాణెం చేసేవాడిమీద కంటే ఆ రాజుమీదే కోపం ఎక్కువ.

ముఖాల మాటొచ్చింది కాబట్టి, వీలైతే 1789, 1790 నాణెం ఒకటి చూడండి. తండ్రి పోయాడన్న కబురు సముద్రం దాటింది గానీ కొత్త రాజు బొమ్మ అచ్చు ఇంకా రాలేదు. కొడుకు పేరు చెక్కి, తండ్రి ముఖమే కొట్టేశారు. 1808లో ఏడో ఫెర్నాండో గద్దెనెక్కినప్పుడైతే మెక్సికోవాళ్లు ఆయన రూపం చూడకుండానే కవచం తొడిగిన ఒక ఊహా ముఖాన్ని చెక్కి, కొన్నేళ్లు దాంతోనే నడిపించారు. ఇవన్నీ అసలు నాణేలే.

నేను కొన్న పొటోసీ నాణెం గుండ్రంగా లేదు, బెల్లం ముక్కలా ఉంది. సగం అక్షరాలు లేవు. పగిలిన నాణెం అంటగట్టారా? – ఒక పాఠకుడు, నుంగంబాక్కం

లేదు, అది పుట్టుకతోనే అంత. వాటిని ‘మకుకీనా’ అంటారు. కరిగించిన వెండిని కడ్డీగా పోసి, ముక్కలు నరికి, బరువు ఎక్కువైతే కత్తెరతో చెక్కి, రెండు అచ్చుల మధ్య పెట్టి సమ్మెట దెబ్బ కొట్టేవారు. చూడాల్సింది బరువు, వెండి. ఆకారం ఎవరిక్కావాలి? మా తాతగారు కాలి కడియాలకు కడ్డీ నరికే తీరు నేను చూశాను, అచ్చం అలాగే. మీదానిలో శిలువ, కోట, సింహం, టంకశాల అక్షరం ‘పి’ కనిపిస్తే చాలు. వన్నెగాడి అక్షరం కూడా ఉంటే మంచిది, తేదీ కూడా ఉంటే అదృష్టం.

ఆ వన్నెగాడి అక్షరాన్ని తేలిగ్గా తీసుకోకండి. 1640ల్లో పొటోసీ డాలర్లలో వెండి తక్కువని ఐరోపా అంతా గగ్గోలైంది. విచారణకు స్పెయిన్ నుంచి అధికారి వచ్చాడు. గోమెజ్ దె లా రోచా అనే వెండి వర్తకుణ్ని 1650లో చంపించారు. టంకశాలలో వన్నె చూసిన ఫెలీపె రమీరెజ్ దె అరెయానోకూ అదే శిక్ష. ఆ నాణేల విలువ తగ్గించి, వాటిలో కొన్నింటి మీద చిన్న కిరీటం గుర్తు కొట్టారు. జనానికి నమ్మకం కలిగించడానికి 1652 నుంచి నమూనానే మార్చి స్తంభాలు, అలలు తెచ్చారు. కాబట్టి 1650 ప్రాంతపు పొటోసీ ముక్క మీ చేతికొస్తే బొమ్మ పక్కన కిరీటం పొడుపు ఉందేమో చూడండి. గీటురాయి పట్టుకున్న చేతితో నేను ఈ కథ ఎన్నిసార్లు తలచుకున్నానో చెప్పలేను. ముప్పై ఏళ్లలో ఎవరైనా వచ్చి ‘కాస్త చూసీ చూడనట్టు’ అన్నప్పుడల్లా.

మునిగిన ఓడలో దొరికిన నాణెమని సర్టిఫికెట్‌తో అమ్ముతున్నారు. నమ్మవచ్చా? – ఒక పాఠకుడు, తాంబరం

ఏ ఓడ అన్నది అడగండి. 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగిన ‘అటోచా’ రాశి 1985లో దొరికింది. అందులోని పొటోసీ ముక్కలు చట్టబద్ధంగానే చేతులు మారుతున్నాయి. ఉప్పునీళ్లు తిన్న వెండికి బరువు తక్కువ, కాబట్టి 27 గ్రాముల లెక్క దానికి పెట్టకండి. 1804లో మునిగిన ‘మెర్సెదెస్’ నాణేలు సుమారు 5,94,000 తీస్తే, అమెరికా కోర్టులు అవి స్పెయిన్‌వేనన్నాయి. 2012లో విమానాల్లో స్పెయిన్‌కు వెళ్లిపోయాయి. ఆ రాశిలోదని ఎవరైనా మీకు అమ్మజూపితే దణ్ణం పెట్టి వచ్చేయండి.

డల్లస్‌లో ఉన్న మా అబ్బాయికి నాణేల పిచ్చి. తాతముత్తాతల నాటి డాలరు ఒకటి ఈసారి వచ్చినప్పుడు పట్టుకుపోతానంటున్నాడు. ఇవ్వవచ్చా? – ఒక తండ్రి, ఆవడి

ఇంట్లో ఇవ్వవచ్చు, విమానం ఎక్కించకూడదు. 1972 నాటి చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ఏ దేశంలో కొట్టినదైనా సరే, మామూలు మనుషులు దాన్ని దేశం దాటించడం నేరం. ‘మా ఇంటిదే కదా’ అనే మాట విమానాశ్రయంలో చెల్లదు. ఇంకో మాట కూడా ఇక్కడే. పునాదులు తవ్వుతుంటే కుండ దొరికిందని మధురాంతకం నుంచి ఒకరు రాశారు. అది ఇంటి సొత్తు కాదు, 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి.

మీ అబ్బాయికి ప్రస్తుతానికి ఫొటోలు పంపండి. పక్కనుంచి వెలుతురు పడేలా రెండు ముఖాలూ తీయండి. మూడో ఫొటో అంచుది. అది లేకుండా పంపితే అతను మళ్లీ నాకే ఉత్తరం రాస్తాడు.